ఇసుకకు బాక్టీరియా సున్నం

1989 అక్టోబరు 17న లోమా ప్రియెటా భూకంపం వచ్చినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలోని మరీనా ప్రాంతం బాగా దెబ్బతింది. భూకంప కేంద్రం అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరం. అయినా అంత నష్టం జరగడానికి ఒక ముఖ్య కారణం కింద ఉన్న నేల. 1915 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం సముద్రపు ఒడ్డున ఇసుక పోసి పూడ్చిన చోటు అది.

నీళ్ళతో నిండిన వదులు ఇసుకను గట్టిగా కుదిపితే రేణువులు దగ్గరకు సర్దుకోబోతాయి. మధ్యలో ఉన్న నీటికి బయటకు పోయే వ్యవధి ఉండదు. దాని పీడనం పెరిగి, రేణువుల మధ్య ఒరిపిడి తగ్గిపోతుంది. కాసేపు నేల ద్రవంలా ప్రవర్తిస్తుంది. దీన్నే ద్రవీకరణ అంటారు.

ఖాళీ స్థలమైతే యంత్రాలతో కుదిపి ఇసుకను ముందే గట్టి పరచవచ్చు. కానీ పైన ఇళ్ళు ఉంటే? సిమెంటు పాలు ఎక్కిద్దామంటే సన్న ఇసుక సందుల్లో ఆ రేణువులు ఇరుక్కుపోతాయి. ఇక్కడే బాక్టీరియా పనికొస్తుంది. దాని పొడవు ఒకటి రెండు మైక్రాన్లు. నీటితో పాటు ఇసుకలోకి సులువుగా పోతుంది.

ఈ పనిలో ఎక్కువగా వాడేది స్పోరోసార్సీనా పాశ్చరీ. మట్టిలో ఉండే జీవే, రోగకారకం కాదు. దీని దగ్గర యూరియేజ్ అనే ఎంజైము పుష్కలంగా ఉంటుంది. మన పొలాల్లో చల్లే యూరియాను అందిస్తే దాన్ని అమ్మోనియంగా, కార్బొనేటుగా విడగొడుతుంది. తోడుగా కేల్షియం క్లోరైడు పంపితే కేల్షియం కార్బొనేటు స్ఫటికాలు రేణువులు ఆనుకునే చోట పేరుకుని వాటిని అతుకుతాయి. మన పాత కట్టడాల్లో గానుగ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని గట్టిపడినప్పుడు తయారయ్యేదీ ఇదే పదార్థం. ఇలా అతికిన ఇసుక వదులు ఇసుకలా కుప్పకూలదని జేసన్ డీజాంగ్ బృందం 2006లో ప్రచురించింది. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ పరిశోధకులు 100 ఘనపు మీటర్ల ఇసుక మీద చేసిన ప్రయోగం 2010లో వెలువడింది. ఇసుక గట్టిపడింది కానీ, ఆ గట్టిదనం చోటు చోటుకూ మారింది.

మరి ఖర్చెంత? చిన్న లెక్క వేద్దాం. ఒక ఘనపు మీటరు ఇసుక బరువు సుమారు 1600 కిలోలు. అందులో 5 శాతం సున్నపురాయి కావాలంటే 80 కిలోలు. దానికి 48 కిలోల యూరియా, అంటే ఇప్పటి 45 కిలోల బస్తా కంటే కాస్త ఎక్కువ, 89 కిలోల కేల్షియం క్లోరైడు కావాలి. చివరకు సుమారు 29 కిలోల అమ్మోనియం నీటిలో మిగులుతుంది. దాన్ని తోడి శుద్ధి చెయ్యకపోతే భూగర్భ జలాలు పాడవుతాయి. బాక్టీరియా ఎంత చవకైనా అసలు బిల్లు ఇక్కడ పడుతుంది.

అయితే ద్రవీకరణ ఆగడానికి ఇసుక రాయి కానక్కరలేదు. రేణువులు జారకుండా ఉంటే చాలు. 1 శాతమే చాలిన చోట అమ్మోనియం 6 కిలోలకు తగ్గుతుంది. ఎక్కువ అతికిస్తే మరో చిక్కు కూడా ఉంది. డేవిస్‌లోని కేలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సెంట్రిఫ్యూజ్ మీద చేసిన ప్రయోగాలు 2013లో వెలువడ్డాయి. నేల గట్టిపడిన కొద్దీ ద్రవీకరణ తగ్గింది గాని, పైకి చేరే ఊపు పెరిగింది. మెత్తటి నేల కొంత కుదుపును మింగేస్తుంది. గట్టి నేల దాన్ని పైనున్న మేడకు అందిస్తుంది.

కాబట్టి ఇంజనీరు ముందున్న ప్రశ్న ఎంత గట్టిగా చెయ్యగలం అన్నది కాదు, ఎక్కడ ఆపాలి అన్నది. భూమి లోపల కంటికి కనబడని చోట ఆ పాళ్ళు అంతటా సమంగా కుదిరేలా చూడటమే ఇప్పుడు మిగిలిన కష్టమైన పని. అది కుదిరితే, పైన కాపురాలు ఖాళీ చేయించకుండానే కింద నేలను బాగు చేసుకోవచ్చు.