సీసాకు తగిన సిరంజి

హైదరాబాదునందు ఎర్రగడ్డ యనగానే ఛాతీరోగముల వైద్యశాల జ్ఞప్తికి వచ్చును. రక్తమున చక్కెర యదుపు తప్పినవారికి క్షయ సులభముగా సోకును గనుక, అట్టి వైద్యశాలలకు వచ్చు పల్లెవాసులలో మధుమేహపీడితులును గలరు. వారిలో కొందరికి వైద్యులు ఇన్సులిన్ సూదిమందు వ్రాసియిత్తురు. ఇల్లు చేరినపిదప ఆ సూదిని రోగియే వేసికొనవలయును. నేను వైద్యుడను గాను. చిరకాలము పిల్లలకు లెక్కలు చెప్పినవాడను. ఇందొక లెక్క యున్నది గనుక మాటాడుచున్నాను.

1921లో కెనడాదేశపు టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులిన్‌ను వెలికిదీసిరి. 1922 జనవరిలో 14 ఏండ్ల బాలునకు తొలిసారి యిచ్చిరి. మృత్యుముఖమున నున్నవారు దానివలన బ్రదికిరి. కాని అమృతమైనను మితము తప్పినచో విషమగును.

మన దేశమున ఈ మందు మిల్లీలీటరునకు 40 యూనిట్లు గలదియు, 100 యూనిట్లు గలదియు దొరకును. సిరంజులును రెండువిధములు: 40కి ఎఱ్ఱమూత, 100కి నారింజరంగు మూత. వైద్యుడు 20 యూనిట్లు వ్రాసెననుకొనుడు. 100 మందును ఎఱ్ఱమూత సిరంజిలో 20వ గీతవరకు లాగినచో అర మిల్లీలీటరగును; దేహమున 50 యూనిట్లు చేరును. తవ్వతో కొలువవలసినదానిని మానికతో కొలిచినదానికన్న నెక్కువ! 40 మందును నారింజమూత సిరంజిలో అదే గీతకు లాగినచో 8 యూనిట్లే చేరును. మొదటిది ప్రాణాపాయము, రెండవదానివలన చక్కెర యదుపునకు రాదు. కావున సీసామీది యంకెను, సిరంజిమీది యంకెను పోల్చిచూడక సూది గ్రుచ్చరాదు. కొనుటకు పిల్లలను పంపునపుడు పాతసీసాను చేతికిచ్చి పంపుడు. చూపు మందగించినవారు మనుమనిచేత చదివించుకొనుడు.

ఇక తక్కిన నియమములు. చేతులు కడుగుకొనవలయును. మసకగానుండు మందును అరచేతులనడుమ మెల్లగ దొర్లింపవలయును, కుదిలింపరాదు. బొడ్డును రెండంగుళములు విడిచి పొట్టపైనగాని, తొడపైనగాని, దినదినము చోటు మార్చుచు గ్రుచ్చుడు. ఒకేచోట గ్రుచ్చినచో చర్మముక్రింద గడ్డకట్టి మందు సరిగా నింకదు. ఒకరి సూది మరియొకరికి, భార్యాభర్తలకైనను, తగదు. ఫ్రిజ్జు లేని యింట, సీసాకు నీరు తగులకుండ, తడిపిన మట్టికుండలో నుంచవచ్చును. వాడిన సూదులను గట్టిడబ్బాలో మూసియుంచి వైద్యశాలకు చేర్పుడు.

చెమట, వణుకు, మిక్కుటమైన యాకలి కలిగినచో చక్కెర తగ్గినదని యెఱుగుడు. వెంటనే మూడుచెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగింపవలయును. స్పృహ లేనివాని నోట నేమియు పోయక తక్షణము వైద్యశాలకు గొనిపోవలయును.

ఈ లెక్కను మీ యూర సూదిమందు వాడు ప్రతివారికిని చెప్పుడు. సందేహము గలిగినచో వైద్యుని అడిగి తెలిసికొనిన పిదపనే సూది పట్టుడు.