ఈ తెరకు రంగులు వచ్చా?

ఎంఐటీలో 1984లో పుట్టిన ఎక్స్ విండో సిస్టంలో ప్రోగ్రాం ఒక కంప్యూటర్లో నడుస్తుంటే, దాని విండో నెట్‌వర్క్ అవతల ఇంకో కంప్యూటర్ తెరమీద తెరుచుకోవచ్చు. ఆ తెర రంగులదో, ఉత్త నలుపు తెలుపుదో ప్రోగ్రాం రాసినవాళ్లకు ముందుగా తెలియదు. నడిచేటప్పుడు అడిగి తెలుసుకోవాల్సిందే.

చాలామంది డెప్త్ అడిగి సరిపెట్టుకునేవారు. అంటే ఒక్కో పిక్సెల్‌కు ఎన్ని బిట్లని. ఒక్కటే బిట్ అయితే పేచీ లేదు, ఆ తెర మీద ఒకసారికి రెండే ఛాయలు. ఎనిమిది బిట్లయితేనే చిక్కు. 256 విలువలున్నాయని తెలుస్తుంది, అవి రంగులో బూడిద ఛాయలో తెలియదు. ఎర్ర అక్షరాలను పచ్చ నేలమీద పెట్టిన ప్రోగ్రాం బూడిద తెరకెక్కితే రెండూ ఒకే ఛాయలో కలిసిపోయి, అక్షరాలే మాయమైపోవచ్చు.

అందుకే 1987లో వచ్చిన ఎక్స్11 డెప్త్‌తో పాటు విజువల్ క్లాస్, అంటే తెర రంగులు చూపే తీరు, కూడా చెబుతుంది. ఈ క్లాసులు ఆరు. స్టాటిక్‌గ్రే, గ్రేస్కేల్ బూడిదవి. స్టాటిక్‌కలర్, సూడోకలర్, ట్రూకలర్, డైరెక్ట్‌కలర్ రంగులవి. అడగాల్సింది దీన్ని. అదీ డిఫాల్ట్ విజువల్ ఒక్కటే చూసి వదిలేస్తే చాలదు, ఒకే స్క్రీన్ రెండు మూడు విజువల్స్ ఇవ్వొచ్చు. సున్నా అంటే నలుపని ధీమాగా రాసినవాళ్లకూ దెబ్బ తగిలేది. కొన్ని తెరలకు సున్నా తెలుపు, ఒకటి నలుపు! ఏది ఏదో కూడా తెరను నడిపే ఎక్స్ సర్వర్‌నే అడగాలి.

సూడోకలర్ అని తేలినా నిశ్చింత లేదు. కలర్‌మ్యాప్ అనే 256 గడుల రంగుల పట్టికను అన్ని ప్రోగ్రాంలూ పంచుకోవాలి. ఒక బ్రౌజర్ ముందే వచ్చి గడులన్నీ పట్టేసుకుంటే, తర్వాతి ప్రోగ్రాం రంగు అడిగినప్పుడు లేదనే జవాబొస్తుంది. సొంత కలర్‌మ్యాప్ పెట్టుకుంటే మౌస్ ఒక విండోలోంచి ఇంకోదానిలోకి వెళ్లగానే మిగతా విండోల రంగులన్నీ తారుమారయ్యేవి. రంగుల తెర ఉండటం వేరు, రంగు దొరకడం వేరు.

ప్రోగ్రాంల సెట్టింగుల ఫైల్‌ను ఎక్స్ సర్వర్‌లోకి లోడ్ చేసే ఎక్స్ఆర్‌డీబీ, తెర రంగులదో కాదో కనుక్కునే పనిని కొంత తేలిక చేసింది. తెర రంగుల క్లాసుదైతే కలర్ అనే గుర్తును తనే పెడుతుంది. ఆ గుర్తు ఉంటే ఫలానా రంగులు, లేకపోతే నలుపు తెలుపు అని ఒకే ఫైల్లో రాసుకోవచ్చు.

వెబ్ పేజీల రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో తెర రంగులదా అనే ఈ ప్రశ్నను మొదటే రెండుగా విడగొట్టారు. కలర్ అని అడిగితే ఒక్కో రంగు భాగానికి ఎన్ని బిట్లో, మోనోక్రోమ్ అని అడిగితే బూడిదకు ఎన్ని బిట్లో బ్రౌజర్ చెబుతుంది. రంగుల తెర అయితే రెండోదానికి జవాబు సున్నా.