రాతిధూళి వ్యాధి: చట్టం దృష్టిలో అదీ ప్రమాదమే

2021 ఫిబ్రవరిలో చిక్కబళ్లాపుర జిల్లా హిరేనాగవల్లి సమీపంలో జిలెటిన్ కడ్డీలు పేలి ఆరుగురు మరణించారు. అది క్వారీ పనితో ముడిపడిన ప్రమాదమని అందరూ గుర్తించారు. అయితే క్వారీలలో ఏళ్ల తరబడి పీల్చిన ధూళి ఊపిరితిత్తులను దెబ్బతీసినప్పుడు, అదీ పని వల్ల కలిగిన హానియే అని గ్రహించేవారు తక్కువ. మండికల్, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల నుండి నగరానికి వచ్చినవారిలో పూర్వం రాతిపని చేసినవారు ఈ విషయం తెలుసుకోవడం అవసరం.

గ్రానైటు రాతిలో సిలికా ఉంటుంది. రాతిని తొలిచేటప్పుడు, క్రషరులో పిండి చేసేటప్పుడు వెలువడే సూక్ష్మరేణువులు ఊపిరితిత్తులలో పేరుకొని సిలికోసిస్ వ్యాధిని కలిగిస్తాయి. పని మానిన తరువాత కూడా అది ముదరవచ్చు. దగ్గు, ఆయాసం చూసి దీనిని క్షయగా పొరబడటం కద్దు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశమూ ఎక్కువే. సిలికా ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో ప్రకటించింది.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం, 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి సిలికోసిస్‌ను వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చాయి. నిర్దేశిత కాలం ఆ పనిలో ఉన్న కార్మికునికి ఈ వ్యాధి వస్తే, దానిని పనిలో జరిగిన ప్రమాదంగానే చట్టం పరిగణిస్తుంది. కాదని నిరూపించే భారం యజమానిదే. అగ్నిమాపక సిబ్బందికి వచ్చే కొన్ని క్యాన్సర్ల విషయంలో కెనడాలోని మానిటోబా రాష్ట్రం 2002లో ఇటువంటి సూత్రాన్నే చట్టం చేసింది.

ఒక క్వారీ నుండి మరొక క్వారీకి మారినంత మాత్రాన హక్కు పోదు. వేర్వేరు యజమానుల వద్ద చేసిన కాలాన్ని కలిపి లెక్కిస్తారు. పరిహార భారాన్ని వారి మధ్య పంచుతారు. కనుక ఎక్కడెక్కడ, ఎంతకాలం పనిచేసినదీ తెలిపే కూలి చీటీలు, హాజరు కార్డులు, తోటి కార్మికుల సాక్ష్యం ఎంతో విలువైనవి.

వైద్యునికి పాత రాతిపని సంగతి తప్పక చెప్పాలి. ఎక్స్‌రేలను, వైద్యపత్రాలను భద్రపరచాలి. వ్యాధి వల్ల పనికి దూరమైన నాటి నుండి, మరణం సంభవిస్తే ఆ నాటి నుండి, రెండేళ్ల లోపు పరిహారం కోరాలి. ఈఎస్ఐ సభ్యులు ఈఎస్ఐ ద్వారానే కోరాలి. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయసేవా ప్రాధికార సంస్థ ఉచిత న్యాయసహాయం అందిస్తుంది.