శివతాండవము: ఎవరి ఇష్టము వారిది

“మీకు నచ్చిన కవితాభాగమేది? ఏల నచ్చినది?” అని యడిగినచో మనలో పెక్కురు తడబడుదురు. నచ్చిన మాట నిజమే. కాని కారణమును విమర్శకుల పలుకులలో చెప్పవలెనేమో యను సంకోచము నోరు కట్టివేయును. ఆ సంకోచమును విడిపించుటకు పుట్టపర్తి నారాయణాచార్యులవారి శివతాండవము వంటి కావ్యము మరియొకటి లేదని మా నమ్మకము.

ఆచార్యులవారు 1914లో అనంతపురము జిల్లా చియ్యేడులో జన్మించి, పెనుగొండలో పెరిగి, ప్రొద్దుటూరులో ఉపాధ్యాయులుగా నుండిరి. 1990లో దివంగతులైరి. శివతాండవము పుట్టినది ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరస్వామి కోవెలలోనని చెప్పుదురు. శ్రీవైష్ణవ కుటుంబమున పుట్టినవారు శివుని ఆటను పాడుట కొందరికి వింతగా తోచును. వారు బాల్యమున సంగీతముతోపాటు నాట్యమును కూడ అభ్యసించిరని యెరిగినచో ఆ వింత కొంత తగ్గును.

ఇది గేయకావ్యము. ఆరంభమున భూమికి కలిగిన ఆనందమును చెప్పుచోట నాలుగేసి మాత్రల నడక. శివుని తలపై గంగ అలలు ఆడుచోటికి వచ్చుసరికి అది ఐదేసి మాత్రలకు మారును. చేతితో తాళము వేసి చూడుడు. మొదటిచోట ‘తకధిమి’, రెండవచోట ‘తకతకిట’ అని చేయి తనంతట పలుకును. కన్నులతో మాత్రమే చదివినవారికి ఈ మార్పు అంతగా తెలియదు. గొంతెత్తి చదివినవారికి దాగదు. ఆచార్యులవారు పుట్టిన 1914లోనే పుట్టిన వేల్సు కవి డైలన్ థామస్ తన కవితలను బి.బి.సి. రేడియోలో చదివెడివాడు. ముందు ధ్వని పట్టుకొన్నది, అర్థము తరువాత వచ్చినదని ఆయన అభిమానులు పలువురు చెప్పుదురు. మన శ్రోతలకు ఇది కొత్త సంగతి కాదు.

ఒకమారు మేము కడప జిల్లాలో కొందరు శ్రోతలతో ఈ కావ్యమును గూర్చి ముచ్చటించితిమి. ప్రొద్దుటూరులో ఒక బట్టల వర్తకుడు, మేము అనుకొన్నట్లే, గంగ అలల ఘట్టము తనకు ప్రాణమనెను. జమ్మలమడుగులో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు శివతాండవము మాట యెత్తక, తమ యూరివారైన దుర్భాక రాజశేఖర శతావధానిగారి రాణాప్రతాపసింహ చరిత్రమును, దానికి జతగా గడియారం వేంకటశేషశాస్త్రిగారి శివభారతమును పొగడిరి. మేమడిగినది అది కాదు. అయినను ఇష్టమును ఆజ్ఞాపింపగలమా?

పులివెందుల ప్రాంతమున చెనక్కాయలు పండించు రైతు ఒకాయన కలరు. ఆయన పెద్దగా చదువుకొన్నవారు కారు. కుమార్తె బడిలో పోటీకై వల్లెవేయుచుండగా విని విని కావ్యములో కొంత ఆయనకు నోటికి వచ్చినది. ఆయనకు ఇష్టమైనది నాట్యఘట్టము కాదు. శివుని ఆట చూచుటకు దేవకాంతలు మబ్బులై వచ్చిరేమో యని కవి ఊహించిన తొలి భాగము. “మబ్బు వచ్చినాక స్వామి ఆడితేనేమి, ఆడకుంటేనేమి?” అని ఆయన నవ్వెను.

అది ఉపోద్ఘాతము మాత్రమే, అసలు కావ్యము ముందున్నదని చెప్పబోయి మేము ఆగితిమి. ఆ రాత్రి బసకు చేరి పుస్తకము తెరచితిమి. నాట్యము మొదలు కాకముందే భూమి ఏల ఆనందించినది? నెలల తరబడి ఆకాశము వంక చూచినవానికి ఆ ప్రశ్నయే పుట్టదు. మబ్బు కనబడుటయే వానికి ఆనందము. కవియు వాన అరుదైన సీమలోనే పుట్టి పెరిగినవాడు గదా! మేమో, ఇన్నేండ్లుగా మైకు ముందర ఆ పంక్తులను గబగబ ముగించి, మృదంగము మ్రోగు చోటికి త్వరపడుచుంటిమి. తరువాతి ప్రసారమున ఆ భాగమును నిలిపి, ఊపిరి తీసికొని చదివితిమి.

రైతు కుమార్తె మాత్రము తండ్రితో ఏకీభవింపదు. ఆమెకు పార్వతి ఆడు శివాలాస్యమే ఇష్టము. అచట పరుష పదములు తగ్గి పలుకు మెత్తబడును, పోటీలో గొంతు అలయదు అని ఆమె చెప్పిన కారణము. ఆ యింట పుస్తకము ఒక్కటే. తండ్రికై మబ్బుల పుటయు, తనకై లాస్యపు పుటయు ఆ బాలిక మడిచి యుంచినది.