చార్టర్డ్ అకౌంటెంటు కాదలచిన వారికి

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన దినాలలో మన ఇండ్లలో తరచుగా వినవచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది. "పిల్లవానికి లెక్కలు బాగా వచ్చును గదా, సి.ఏ. చదివిస్తే ఎట్లా ఉంటుంది?" ఆడపిల్లల తల్లిదండ్రులు కూడ నేడు ఇంతే ఆసక్తితో ఈ ప్రశ్న అడుగుతున్నారు. అడుగవలసిన ప్రశ్నయే. అయితే లెక్కలు వచ్చుట ఈ వృత్తికి వాకిలి మాత్రమే. కూడిక సరిపోయినదని చెప్పుటకు యంత్రం చాలును. ఆ కూడికలో చేరిన అంకె వెనుక నిజముగా ధాన్యమున్నదా, ధనమున్నదా అని విచారించి, తన పేర సంతకం చేయుటకు మనిషి కావలెను. ఆ మనిషి ఎట్లా తయారగునో శ్రోతలకు మనవి చేయుట ఈ ప్రసంగోద్దేశం.

తన సొమ్ముతో తాను వ్యాపారం చేసుకొనే షావుకారుకు తన చిట్టా ఆవర్జాలే చాలును. సొమ్ము పరులదైనప్పుడు చిక్కు వస్తుంది. వాటా కొన్నవారు కర్మాగారాన్ని చూడరు; అప్పిచ్చిన బ్యాంకు గిడ్డంగి తలుపులు దినదినమూ తెరువలేదు. వీరి పక్షాన లెక్క చూచి మాట చెప్పే మూడవ మనిషి అవసరం. మన దేశంలో 1918 లో బొంబాయి ప్రభుత్వం ఈ విద్యకు ఒక డిప్లొమాను ఏర్పరచినది. 1932 నుండి రిజిస్టర్డ్ అకౌంటెంట్లు అనే వ్యవస్థ నడిచినది. మదరాసుకు చెందిన ఆర్. శివభోగం గారు 1933 లో ఈ వృత్తిలో అర్హత పొందిన తొలి భారతీయ మహిళ అయినారు. రాజ్యాంగం అమలులోనికి రాకముందే, 1949 జులై 1వ తేదీన, చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం క్రింద నేటి ఇన్‌స్టిట్యూట్ ఏర్పడినది. పరీక్షలు జరుపుటయు, సభ్యుల నడవడిని విచారించుటయు దాని విధులు.

ఇక చదువు మాట. 2023 జులై నుండి అమలైన పద్ధతిలో మెట్లు మూడు. పన్నెండవ తరగతి తరువాత ఫౌండేషన్, అందులో నాలుగు పత్రాలు. పిదప ఇంటర్మీడియట్, ఆరు పత్రాలు. చివర ఫైనల్, మరి ఆరు. ఈ రెండు పరీక్షలలోను పత్రాలు రెండు భాగాలుగా ఉంటాయి. ప్రతి పత్రంలో నూటికి 40, మొత్తం మీద నూటికి 50 మార్కులు రావలెను. వాణిజ్యశాస్త్ర పట్టభద్రులు నూటికి 55, ఇతర పట్టభద్రులు 60 మార్కులు కలిగియుంటే ఫౌండేషన్ లేకుండ నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చును. ఒకటి రెండుసార్లు తప్పుట ఇక్కడ సామాన్యం. ఇరుగుపొరుగువారు దానిని అవమానముగా ఎంచకుందురు గాక!

ఇంటర్మీడియట్ రెండు భాగాలూ నెగ్గినవారు ఒక ఆడిటరు వద్ద రెండు సంవత్సరాలు ఆర్టికిల్స్ శిక్షణ పొందవలెను. లోగడ ఇది మూడేండ్లుగా ఉండేది. ఈ చదువుకు గుండెకాయ ఇదే. మొదటి మాసాలలో పని విసుగు పుట్టిస్తుంది. ఓచర్ల కట్టలు విప్పి ఒక్కొక్క పద్దుకు టిక్కు పెట్టవలెను; బ్యాంకు పుస్తకంతో నగదు పుస్తకాన్ని సరిచూడవలెను. క్రమముగా కన్ను తెరుచుకుంటుంది. ఆదివారం నాటి తేదీతో బ్యాంకులో సొమ్ము కట్టిన రసీదు ఎట్లా వచ్చినది? మూడు నెలల రసీదులూ ఒకే కలముతో, ఒకే సిరాతో ఏల ఉన్నవి? ఇట్టి ప్రశ్నలు పాఠ్యగ్రంథం నేర్పదు.

మార్చి 31వ తేదీ వచ్చినదంటే సరుకు లెక్కింపు. గుంటూరు శీతల గిడ్డంగిలో మిరప బస్తాల నడుమ తుమ్ముతూ నిలిచిన కుర్రవాడు ముందు వరుస లెక్కించి ఊరకుంటే చాలదు. వెనుక వరుస నిజముగా ఉన్నదా, బస్తాలో ఉన్నది మిరపకాయలేనా, అవి ఈ యజమానివేనా, పరులు దాచుకొన్నవా అని చూడవలెను.

ఈ జాగ్రత్త ఊరకే రాలేదు. 1896 లో ఇంగ్లండులో కింగ్‌స్టన్ కాటన్ మిల్లు దావా తీర్పయినది. మిల్లు మేనేజరు కొన్ని సంవత్సరాలు సరుకు నిల్వను హెచ్చించి వ్రాసినాడు. ఆడిటర్లు అతని కాగితాన్నే నమ్మినారు. ఆడిటరు కాపలా కుక్క వంటివాడే గాని వేటకుక్క కాడని న్యాయమూర్తి వారిని మన్నించినారు. కాలం మారినది. నేటి ఆడిటు ప్రమాణాల ప్రకారం, నిల్వ గణనీయమైనచో ఆడిటరు సాధ్యమైనంతవరకు లెక్కింపు స్థలానికి పోవలసినదే.

మన హైదరాబాదులోనే మరింత చేదు పాఠం దొరికినది. 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు, తమ లెక్కలలో నగదుగాను బ్యాంకు నిల్వగాను చూపినదానిలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని లేఖ వ్రాసినారు. అన్ని ఏండ్లూ ఆ లెక్కల క్రింద ఆడిటర్ల సంతకాలు ఉన్నవి. 2015 లో ప్రత్యేక న్యాయస్థానం దోషులుగా నిర్ణయించిన పదిమందిలో ఆడిటర్లు ఇద్దరు. తరువాత అప్పీలులో శిక్షలు నిలుపుదల అయినవి. కంపెనీ చేతినుండి వచ్చిన బ్యాంకు కాగితం వేరు. ఆడిటరే అడుగగా బ్యాంకు నేరుగా అతనికి పంపిన జవాబు వేరు. ఈ భేదాన్ని ఆర్టికిల్స్ కుర్రవాడు మొదటి నెలలోనే నేర్వవలెను.

ఫైనల్ నెగ్గి సభ్యత్వం పొందినవారికి మార్గాలు రెండు. కంపెనీలోనో బ్యాంకులోనో ఉద్యోగం చేయవచ్చును. నెల తిరిగేసరికి జీతం వస్తుంది. లేదా ప్రాక్టీసు ధ్రువపత్రం పొంది స్వంత బోర్డు కట్టుకొనవచ్చును. ఇందులో తొలి ఏండ్లు కష్టమైనవి. పని ఇమ్మని కక్షిదారుల వెంట తిరుగుట వృత్తి నియమాలకు విరుద్ధం. తాను గాని, తన భాగస్వామి, ఉద్యోగి, లేక మరొక చార్టర్డ్ అకౌంటెంటు గాని పరిశీలించని లెక్కకు నివేదిక ఇచ్చుట దోషమని చట్టమే చెప్పుచున్నది. 2019 నుండి ఆడిటు నివేదికలకూ ధ్రువపత్రాలకూ ఇన్‌స్టిట్యూట్ వద్ద నమోదైన ప్రత్యేక సంఖ్య వేయవలసి ఉన్నది. దొంగ సంతకం పట్టుబడుటకు ఇది తోడ్పడుచున్నది.

నా సహాధ్యాయి ఒకరు గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణంలో బోర్డు కట్టిన రెండవ ఏట, ఒక బియ్యపు మిల్లు యజమాని బ్యాంకు అప్పు కొరకు సరుకు పట్టిక తెచ్చినాడు. "మీ నాన్నగారిని ఎరిగినవాడను. ఒక్క సంతకం పెట్టు బాబూ, రేపే గడువు," అన్నాడు. గిడ్డంగి చూచి పెడతానన్నాడు మా మిత్రుడు. యజమాని కాగితాలు మడిచి లేచిపోయినాడు. ఆ సంవత్సరం మిత్రునికి వచ్చిన పనిలో పెద్దది అదే. మూడు నెలల గది అద్దె తండ్రి కట్టవలసి వచ్చినది. యజమాని పట్టిక తప్పో ఒప్పో మా మిత్రునికి నేటికీ తెలియదు. "తెలియదు గనుకనే సంతకం చేయలేదు," అంటాడు.

కనుక పిల్లలను ఈ చదువులో చేర్పించే పెద్దలు మార్కులతోపాటు మరొక విషయం కూడ యోచింపవలెను. తెలియనిది తెలియదని, పెద్దవాని ముఖం ఎదుట మర్యాదగా చెప్పగలిగే బిడ్డయేనా? ఆ గుణం కొంత పుట్టుకతో వస్తుంది, కొంత మంచి ఆడిటరు వద్ద అలవడుతుంది. పెద్ద కార్యాలయమా, చిన్న కార్యాలయమా అని విచారించుటకు ముందు, ఆ గురువు చూడని కాగితం మీద సంతకం చేస్తాడా అని విచారించండి.