వ్యసనంపై పోరుకు పళ్లెం, పాదం తోడు!

మీకు తెలుసా? సిగరెట్‌కూ పాలకూ అస్సలు పడదు! అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు 209 మంది పొగరాయుళ్లను అడిగితే, పాలు, పండ్లు, కూరగాయలు, మంచినీళ్లు తీసుకున్నాక సిగరెట్ రుచి చెడుతుందన్నారు. మద్యం, కాఫీ, మాంసం తర్వాతేమో రుచి పెరుగుతుందట. మానాలనుకునేవాళ్లు ముందు చేతిలో గ్లాసు మార్చండి!

ఆఖరి సిగరెట్ ఆర్పాక గుండె ఎంతసేపట్లో శాంతిస్తుందో తెలుసా? 20 నిమిషాల్లోనే వేగం తగ్గడం మొదలు! ఏడాది తిరిగేసరికి గుండెజబ్బు ముప్పు, పొగ తాగేవాళ్లతో పోలిస్తే దాదాపు సగం. ఇంతకంటే లాభసాటి బేరం ఉందా?

సిగరెట్ మానితే కాఫీ బలం పెరుగుతుందని తెలుసా? పొగ తాగేవాళ్ల ఒంట్లోంచి కెఫీన్ చకచకా బయటికి పోతుంది. మానేశాక అదే కాఫీ, అవే కప్పులు... రక్తంలో కెఫీన్ మాత్రం ఇంచుమించు రెట్టింపు! నిద్ర పట్టట్లేదా? చిరాకుగా ఉందా? సిగరెట్ ఒక్కదాన్నే తిట్టకండి, కాఫీని సగానికి తగ్గించి చూడండి.

సిగరెట్ కోసం మనసు పీకుతోందా? ఐదు నిమిషాలు గబగబా నడిచినా ఆ యావ తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. కిళ్లీ కొట్టు లేని వీధి చూసుకోండి మరి!

గ్రాము పంచదారలో 4 క్యాలరీలు. మరి గ్రాము ఆల్కహాల్‌లో? 7! విటమిన్లు మాత్రం సున్నా. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒళ్లు మాత్రం పస్తే!

మీకు తెలుసా? మన ఒంట్లో విటమిన్ బి1 నిల్వ మొత్తం సుమారు 30 మిల్లీగ్రాములే. తిండి సరిగ్గా లేకపోతే రెండు మూడు వారాల్లో ఖాళీ! పైగా మద్యం దాన్ని ఒంటికి పట్టనివ్వదు. కొరత ముదిరితే చూపు తడబడుతుంది, నడక తూలుతుంది, మతి తప్పుతుంది. ఈ జబ్బును డాక్టర్ కార్ల్ వెర్నికే 1881లోనే వర్ణించాడు. అందుకే బాగా తాగేవాళ్లు చికిత్సకు చేరగానే డాక్టర్లు బి1 ఎక్కిస్తారు. ఇక వంటింటి సంగతా? తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో కన్నా దంపుడు బియ్యం, ఉప్పుడు బియ్యంలో బి1 ఎక్కువ. ఆ బియ్యమే వండిపెట్టిన బామ్మకు జై కొట్టండి!

మద్యం మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే బృందం ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ మొదలైంది 1935లో, అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో. వ్యవస్థాపకుల్లో ఒకరైన డాక్టర్ బాబ్ చేత మందు మాన్పించడానికి రెండో వ్యవస్థాపకుడు బిల్ ఆయనకేం తినిపించాడో ఊహించగలరా? పులియబెట్టిన క్యాబేజీ, టమాటాలు, మొక్కజొన్న పాకం! వరసగా అదే మెనూ. పాపం డాక్టరుగారు!

ఎలుకలూ జిమ్‌కు వెళ్తాయని తెలుసా? బోనులో తిరిగే చక్రం పెడితే ఎలుకలు పరుగో పరుగు. అలా పరిగెత్తే ఎలుకలు, చక్రం లేని ఎలుకల కన్నా కొకైన్ తక్కువ తీసుకున్నాయి. ఎలుకలకు అర్థమైంది, మనకెంతసేపు?

వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2011లో గంజాయికి బాగా అలవాటుపడిన 12 మందిని ట్రెడ్‌మిల్ ఎక్కించింది. మానే ఉద్దేశం వాళ్లకు లేనేలేదు! రెండు వారాల్లో అరగంట చొప్పున పదిసార్లు నడిచారంతే. ఆ రోజుల్లో వాడకం సగానికి పైగా పడిపోయింది. అడక్కుండానే వచ్చిన వరం!

మత్తుమందు మెథాంఫెటమిన్ మెదడులో డోపమైన్‌ను అందుకునే గ్రాహకాలను తగ్గించేస్తుంది. అవి తిరిగొస్తాయా? చికిత్సలో ఉన్న పది మంది 8 వారాలు, వారానికి 3 రోజులు వ్యాయామం చేస్తే దాదాపు 15 శాతం పెరిగాయి! కాళ్లు కదిలితే మెదడుకు మరమ్మతు. అబ్బో!

మన బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఏం తక్కువ తిందా? మద్యం మానుతున్న 60 మందిపై అధ్యయనం చేసి 2006లో ఫలితాలు ప్రచురించింది. రెండు వారాలు సుదర్శన క్రియ అనే శ్వాస సాధన చేసినవాళ్లలో దిగులు, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ బాగా తగ్గాయి. ఊపిరికి బిల్లు లేదు కదా!

ఫీజు డబ్బుగా తీసుకోని జిమ్ ఉందని తెలుసా? అమెరికాలో స్కాట్ స్ట్రోడ్ 2006లో మొదలుపెట్టిన ‘ఫీనిక్స్’లో చేరాలంటే 48 గంటలు మత్తు ముట్టకుండా ఉండాలి. అదే ఫీజు!

జైలుకు పంపే జడ్జి పక్కనే పరిగెత్తితే? లాస్ ఏంజెలిస్ జడ్జి క్రెయిగ్ మిచెల్ 2012లో స్కిడ్ రో పేటలో రన్నింగ్ క్లబ్ పెట్టి, వ్యసనం నుంచి కోలుకుంటున్నవాళ్లను దేశదేశాల మారథాన్లకు తీసుకెళ్లారు. ఇదీ తీర్పంటే!

కొకైన్, మద్యం వదిలేసిన చార్లీ ఎంగిల్ ఎంత దూరం పరిగెత్తాడు? ఇద్దరు మిత్రులతో కలిసి సహారా ఎడారి ఈ చివర నుంచి ఆ చివరకు, 111 రోజుల్లో దాదాపు 7 వేల కిలోమీటర్లు! మనకు పార్కు చుట్టూ నాలుగు రౌండ్లు చాలు.

చివరిగా ఒక ముఖ్యమైన సంగతి. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ముందు డాక్టరు, తర్వాత డంబెల్. తిండి, నడక చికిత్సకు తోడే తప్ప బదులు కావు. మన దేశంలో మద్యం సమస్యకు సాయం అవసరమైనవాళ్లు సుమారు 5.7 కోట్ల మంది అని 2019 జాతీయ సర్వే తేల్చింది. వాళ్లలో మీవాళ్లుంటే సిగ్గుపడకండి. డీ-అడిక్షన్ జాతీయ హెల్ప్‌లైన్ 14446, ఉచితం. ఈరోజే ఫోన్ చేయండి!