గుడి ఇటు, కొండలు అటు

భద్రాచలం రాముడి దర్శనం తెలంగాణలో, పాపికొండల పేరంటాలపల్లి ఆంధ్రప్రదేశ్‌లో. రెంటినీ కలిపి యాత్ర వేసుకునేవాళ్లు ముందుగా చదవాల్సిన కాగితం ఒకటి ఉంది.

ఏన్కూరు నుంచి ఒక కుటుంబం భద్రాచలం, పాపికొండలు కలిపి యాత్ర వేసుకోవాలంటే ఎలా? ఇలాంటి కథనానికి మామూలుగా కావలసినవి బస్సు వేళలు, సత్రాలు, దర్శనం టికెట్ల సంగతులు. అవన్నీ తేలిగ్గానే దొరుకుతాయి. అయితే దారిని పటం మీద గీసి చూస్తే, ఈ యాత్ర ఎక్కడ సాఫీగా సాగుతుందో, ఎక్కడ తెగిపోతుందో చెప్పే కాగితం వేరే ఉందని తేలుతుంది. అది 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ సవరణ చట్టం. గుడికీ కొండలకూ మధ్య సరిహద్దు గీసింది ఆ చట్టమే. గుడి చూసి వెనుదిరిగితే భద్రాచలం యాత్ర సగమే అయినట్టని ఈ కథనం వాదన. మిగతా సగాన్ని భక్తులకు అందేలా చేసే బాధ్యత రెండు రాష్ట్రాల ప్రభుత్వాలదీ.

ఏన్కూరు అడవి అంచు ఊరు. ఖమ్మం నుంచి, తల్లాడ వైపు నుంచి వచ్చే దారులు ఇక్కడ కలిసి జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వెళ్తాయి. అక్కడి నుంచి పాల్వంచ, సారపాక, గోదావరి వంతెన, గుడి. మొత్తం 70–80 కిలోమీటర్లు. జూలూరుపాడు మండలంలో అడుగుపెట్టగానే జిల్లా మారి భద్రాద్రి కొత్తగూడెం అవుతుంది. 2016 అక్టోబరు 11న పడిన ఆ గీత ఏ యాత్రికుడికీ అడ్డం రాలేదు. దూరం నుంచి రైల్లో వచ్చి కలుసుకునే బంధువులకు మాత్రం ముందే చెప్పి పెట్టాలి: భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, గుడికి 40 కిలోమీటర్లు ఇవతల. ఇంతవరకూ చిక్కేమీ లేదు. చిక్కంతా గుడి దాటాకే.

2014 మార్చిలో వచ్చిన మూల చట్టం మూడో సెక్షన్‌లో తెలంగాణకు చెందే జిల్లాల జాబితా ఉంటుంది. అందులో ఖమ్మం పేరు వెంటే ఒక మినహాయింపు. పోలవరం ప్రాజెక్టు ముంపు గ్రామాలను పేర్కొన్న 2005 జూన్ 27 నాటి 111వ నంబరు జీవోను ప్రస్తావించి, ఆ గ్రామాలను ఖమ్మం నుంచి తీసేశారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి నాలుగు రోజుల ముందు, మే 29న వచ్చిన ఆర్డినెన్సు ఆ మినహాయింపును ఇంకా విస్తరించింది. జులైలో పార్లమెంటు దాన్నే చట్టం చేసింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. బూర్గంపాడు మండలంలో పన్నెండు గ్రామాలు తెలంగాణలో మిగిలి, మిగతావి వెళ్లాయి. భద్రాచలం మండలమూ వెళ్లింది, భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటి తప్ప. చట్టం రాసినవాళ్లు ఎంత ఆలోచించి గీత గీశారో ఆ పన్నెండు ఊళ్ల జాబితా చూస్తే తెలుస్తుంది. అందులో సారపాక ఉంది. సారపాక ఇటు మిగలకపోతే, పాల్వంచ నుంచి వచ్చిన భక్తుడు వంతెన ఎక్కడానికే పక్క రాష్ట్రం మీదుగా పోవాల్సి వచ్చేది. గుడికి వచ్చే దారిని అంత జాగ్రత్తగా కాపాడిన చట్టం, గుడి నుంచి ముందుకు పోయే దారులను పట్టించుకోలేదు.

దాని ఫలితం భద్రాచలం ఊరి పొలిమేరలోనే కనబడుతుంది. సీతమ్మ వనవాసం చేసిన చోటని భక్తులు నమ్మే పర్ణశాల దుమ్ముగూడెం మండలంలో, అంటే తెలంగాణలోనే ఉంది. గుడి నుంచి 35 కిలోమీటర్ల లోపే. అయినా చర్ల రోడ్డు మీద అక్కడికి వెళ్లే బండి ఆంధ్రప్రదేశ్ గ్రామాలు దాటి మళ్లీ తెలంగాణలోకి రావాలి. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలను తిరిగి ఇవ్వమని తెలంగాణ అడుగుతూ వస్తున్నది ఇందుకే. పురుషోత్తపట్నంలో స్వామివారికి 889 ఎకరాల దాకా భూమి ఉంది. దేవుడు ఒక రాష్ట్రంలో, దేవుడి మాన్యం ఇంకో రాష్ట్రంలో. ఆక్రమణలు తొలగించడానికి వెళ్లిన ఆలయ అధికారులకు ఈ సరిహద్దే అడ్డం వస్తోంది. ఇక బస్సు టికెట్ సంగతి చూడండి. తెలంగాణ మహాలక్ష్మి పథకం కింద ఏన్కూరు మహిళ భద్రాచలం దాకా పల్లెవెలుగులోనో ఎక్స్‌ప్రెస్‌లోనో డబ్బులివ్వకుండా వెళ్తుంది. అక్కడి నుంచి కూనవరం వైపు సరిహద్దు దాటాక ఆ పథకం చెల్లదు. 2025 ఆగస్టు 15న మొదలైన ఆంధ్రప్రదేశ్ స్త్రీశక్తి పథకం ఆ రాష్ట్రంలో ఉండే మహిళలకే. కూలి డబ్బుల్లోంచి యాత్రకు దాచుకునే ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. ఎందరో అమ్మల యాత్ర గుడి మెట్ల దగ్గరే ఆగిపోవడానికి ఇది చాలు.

చరిత్ర అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా: భద్రిరెడ్డిపాలెం పోకల దమ్మక్కకు రాముడు కనిపించాడన్న కథ, 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న కట్టిన గుడి, అతనికి తానీషా విధించిన గోల్కొండ చెర, ఆంగ్లేయుల కాలంలో గోదావరి జిల్లాల ఏలుబడి, 1959లో ఖమ్మం జిల్లాలో చేరిక, 1965లో గోదావరి మీద వంతెన. గుడి తెలంగాణలో ఉండిపోవడంతో 2014 తరువాత ఆంధ్రప్రదేశ్ తన అధికారిక శ్రీరామనవమి కల్యాణాన్ని కడప జిల్లా ఒంటిమిట్టకు మార్చుకుంది.

పాపికొండలు విహారయాత్ర కదా, వాటిని తీర్థయాత్రలో కలపడమెందుకని కొందరు అడుగుతారు. దీనికి జవాబు స్థలపురాణంలోనే ఉంది. మేరువు కొడుకు భద్రుడు తపస్సు చేసి, కొండగా మారి, రాముణ్ని తన తలమీద నిలుపుకున్నాడని భద్రాద్రి కథ. కొండే ఇక్కడ మొదటి భక్తుడు. ఆ కొండ పక్కన పారే గోదావరి వెంటే దిగువకు వెళ్తే కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. ఇంకా దిగువన కొండ మీద శ్రీరామగిరి ఆలయం, ఆపైన పోచవరం రేవు, అక్కడి నుంచి పడవలో పేరంటాలపల్లి. 1920ల చివర్లో బాలానందస్వామి అక్కడ శ్రీరామకృష్ణ మునివాటం నెలకొల్పారు. కొండరెడ్డి గిరిజనుల ఇళ్ల మధ్య, అడవి నీడలో శివాలయం. ఆ మెట్లు ఎక్కి శివుడికి మొక్కేవాళ్లను విహారయాత్రికులని ఎవరంటారు? పడవలో హోరెత్తే పాటలు, ప్లాస్టిక్ ప్లేట్లలో భోజనాలు చూసి ఆ మాట అంటున్నారేమో. అది పడవ నడిపేవాళ్ల లోపం. క్షేత్రానిది కాదు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. కొండరెడ్ల పల్లెల మీదికి జనాన్ని ఇంకా తోలడం న్యాయమా? పోలవరం కోసం ఆ ఊళ్లే తరలిపోతున్నాయి. పేరంటాలపల్లి కూడా ఆ ముంపు పరిధిలోనిదే. కొండల్లో 2008లో ప్రకటించిన జాతీయ ఉద్యానవనమూ ఉంది. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. అందుకే జనాన్ని పెంచమని ఈ కథనం అడగడం లేదు. ఒక్కరోజు ప్యాకేజీల హడావుడి తగ్గి, రోజుకు ఇన్ని పడవలే అన్న కట్టుబాటు వచ్చి, వెదురు బుట్టలూ బొమ్మలూ అల్లే కొండరెడ్ల దగ్గరే నేరుగా కొనుక్కునే తీరిక యాత్రికుడికి దొరకాలి. పడవ ప్రమాదాల భయమూ నిజమే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. వరద రోజుల్లో పడవ కదలకూడదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. గోదావరి నీటిమట్టం కబురు తెలంగాణలో ఉన్న భద్రాచలం వంతెన దగ్గర తెలుస్తుంది, పడవ ఆంధ్రప్రదేశ్ రేవులో కదులుతుంది. ఆ రెంటినీ కలిపి గుడి దగ్గరే, దర్శనం వరసలో నిలబడ్డ భక్తుడికి కనబడేలా ఒకే బోర్డు మీద రాయడానికి చట్టాన్ని సవరించనక్కర్లేదు. రెండు పర్యాటక శాఖలు, రెండు ఆర్టీసీలు ఒకసారి కూర్చుంటే చాలు.

ఆ చట్టం నిర్వాసితుల కోసం వచ్చింది, యాత్రల కోసం కాదు కదా అనేవాళ్లూ ఉన్నారు. నిజమే. పునరావాసం ఒకే ప్రభుత్వం చేతిలో ఉంటే పని జరుగుతుందన్నది అప్పటి వాదన, అందులో అర్థముంది. అయితే సరిహద్దు ఒకసారి పడ్డాక అది నిర్వాసితులకూ, భక్తులకూ, బస్సు డ్రైవరుకూ ఒకే గీత. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రెండు ఒడ్ల జనం, రెండు రాష్ట్రాల పోలీసులు ఆ గీతకు అటూ ఇటూ నిలబడతారు. ఉమ్మడి ఏర్పాటుకు ఇంతకంటే మంచి గడువు దొరకదు.

అప్పటిదాకా ఏన్కూరు కుటుంబం చేయగలిగింది ఇది: కార్తీకం నుంచి మాఘం లోపల రెండు రోజులు పెట్టుకోవాలి. తొలిరోజు పొద్దున బయలుదేరి దర్శనం, సాయంత్రం పర్ణశాల, రాత్రి భద్రాచలంలోనే బస. మర్నాడు చీకటి వీడకముందే కూనవరం దారి పట్టి శ్రీరామగిరి, పోచవరం, పేరంటాలపల్లి. పడవ ఉందో లేదో ముందురోజే కనుక్కోవాలి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకూడదు.

నీటిమట్టం చూసుకుని
భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. వరద పెరిగితే కూనవరం రోడ్డు మునుగుతుంది. వానాకాలంలో కొండల భాగం మానుకోవడమే మేలు.

గోటితో ఒలిచిన బియ్యం
శ్రీరామనవమి కల్యాణానికి గోటితో ఒలిచిన తలంబ్రాల బియ్యం తూర్పుగోదావరి కోరుకొండ భక్తులు పంపుతారు. కల్యాణమయ్యాక ఆ తలంబ్రాలను తెలంగాణ ఆర్టీసీ బుక్ చేసుకున్నవాళ్ల ఇళ్లకు చేరుస్తోంది. నవమికి వెళ్లలేని ఇంటివాళ్లు బస్టాండులోని కార్గో కౌంటర్లో అడగవచ్చు.